రంగు బియ్యమా, పిండి ముద్దా, టబ్బులో నీళ్ళా? ఇంట్లో ఉన్నవాటితో చిన్నపిల్లల ఆటలు: ఏది ఎవరికి

పోయినేడు సంక్రాంతి సెలవుల్లో కిలో బియ్యానికి ఐదు రంగులు వేశాను. కలపడానికి గంట, ఆరడానికి ఒక రాత్రి. మా వాడికి అప్పుడు రెండేళ్ళ మూడు నెలలు. పెద్ద పళ్ళెంలో రంగులన్నీ విడివిడిగా పోసి, చెంచాలూ చిన్న గిన్నెలూ సర్ది, ఫోటో కూడా తీసుకుని వాణ్ణి కూర్చోబెట్టాను. ఏడు నిమిషాలు ఆడాడు. ఎనిమిదో నిమిషంలో పళ్ళెం బోర్లించాడు. ఆ గింజలు సోఫా కింద నుంచి ఉగాది దాకా వస్తూనే ఉన్నాయి. అదే వారంలో ఓ రోజు నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, పక్కనే టబ్బులో అడుగున మిగిలిన కాసిని నీళ్ళతో, ఒక స్పాంజి ముక్కతో ముప్పావు గంట అక్కణ్ణుంచి కదల్లేదు.

అప్పటి నుంచి ఏ ఆట పెట్టాలన్నా ముందు ఒక లెక్క వేసుకుంటున్నాను. తయారీకి ఎంతసేపు, వాడు ఆడేది ఎంతసేపు, తర్వాత నేను ఊడ్చేది ఎంతసేపు. వీడియోల్లో మధ్యది ఒక్కటే చూపిస్తారు.

పిసికి, ఒంపి, పూసి, నలిపి ఆడే ఈ ఆటలకు ఇప్పుడు సెన్సరీ ప్లే అంటున్నారు. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇంట్లో సరుకులతో అయ్యేవి ఏడు రకాలు ఇక్కడ పోలుస్తున్నాను. అన్నీ మా ఇంట్లో చేసినవే. కొన్ని మళ్ళీ చెయ్యను.

## ముందు చూసుకోవాల్సినవి

ఖర్చు గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే దాని వల్ల తేలేది పెద్దగా లేదు. ఇవన్నీ వంద రూపాయల లోపే అవుతాయి. పది రూపాయల తేడా కోసం ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవాల్సిన అవసరం రాదు. అసలు తేడాలు మూడు చోట్ల ఉన్నాయి: నోరు, నేల, నిలవ.

నోరు. మీ పిల్లవాడు ఇంకా కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడా? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం ఆటలు జాబితాలోంచి పోతాయి. బొమ్మల భద్రత పరీక్షల్లో సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే వస్తువేదైనా మూడేళ్ళ లోపు పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చని లెక్క. మన పది రూపాయల బిళ్ళ వెడల్పు 2.7 సెంటీమీటర్లు. అంటే ఆ బిళ్ళ కంటే కొంచెం పెద్దవి కూడా ప్రమాదమే. శనగలు, రాజ్మా, చింతపిక్కలు, గవ్వలు, గుండీలు అన్నీ ఇందులోకే వస్తాయి. శనగల్లాంటి గింజలతో ఇంకో బెడద ఉంది. ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే అవి తడికి ఉబ్బుతాయి, ఇంట్లో తియ్యడం కుదరదు. పెద్దపిల్లలున్న ఇంట్లో వామనగుంటల పీట ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి.

నేల. ఆట ఎక్కడ జరుగుతుంది, ఎవరు ఊడుస్తారు? పెరడున్న ఇంటికీ మూడో అంతస్తు ఫ్లాటుకూ సమాధానం ఒకటి కాదు. ఏ ఆటకైనా కింద పాత ఫ్లెక్సీ పరవండి. పుట్టినరోజుదో, పెళ్ళిదో, వీధిలో నాయకుడిదో, తెల్లటి వెనకవైపు పైకి పెట్టి పరిస్తే దానంత మంచి చాప ఇంకోటి లేదు. చివరికి నాలుగు మూలలూ కలిపి ఎత్తి దులిపేస్తే పని అయిపోతుంది.

నిలవ. చేసింది రేపు మళ్ళీ పనికొస్తుందా? ఒక్కపూట ఆటకు అరగంట తయారీ అంటే మామూలు రోజుల్లో కుదరదు.

| ఆట | ఎప్పటి నుంచి | తయారీ | శుభ్రం | నిలవ | ఖర్చు, సుమారుగా |
|---|---|---|---|---|---|
| నీళ్ళు | సొంతంగా కూర్చోగలిగాక | 2 నిమిషాలు | గుడ్డతో తుడిస్తే సరి | అక్కర్లేదు | ఏమీ లేదు |
| కుడుముల పిండి ముద్ద | ఏడాది | 10 నిమిషాలు | తేలిక | ఆ పూటకే | 10–15 రూ. |
| మైదా ఉప్పు ముద్ద | రెండున్నర, మూడేళ్ళు | 15 నిమిషాలు | తివాచీ మీద కాకపోతే తేలిక | వారం నుంచి నెల | 30–40 రూ. |
| ఉడికించిన సగ్గుబియ్యం | ఏడాదిన్నర | 30 నిమిషాలు, నానడం అదనం | జిగురు | ఒక రోజు, ఫ్రిజ్‌లో | 25–30 రూ. |
| రంగు బియ్యం | మూడేళ్ళు | గంట, ఆరడం అదనం | ఊడ్చే కొద్దీ దొరుకుతాయి | నెలల తరబడి | 50–60 రూ. |
| బంకమట్టి | రెండున్నర | 10 నిమిషాలు | బయట తేలిక, ఇంట్లో కష్టం | ఎండినా మళ్ళీ నానబెట్టొచ్చు | దొరికితే ఉచితం |
| గంజి రంగులు, కూరగాయ అచ్చులు | ఏడాదిన్నర, రెండేళ్ళు | 15 నిమిషాలు | పసుపు మరక మొండిది | రెండు రోజులు, ఫ్రిజ్‌లో | 20 రూ. |

పట్టికలోని వయసులు గీత గీసినట్టు తీసుకోకండి. నాలుగేళ్ళు వచ్చినా అన్నీ కొరికి చూసే పిల్లలుంటారు, రెండేళ్ళకే ఆపేసేవాళ్ళూ ఉంటారు. మీ పిల్లల సంగతి మీకు తెలుసు.

## పిండి ముద్దల్లో మూడు రకాలు

ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు, ఎక్కువ గందరగోళం కూడా ఇక్కడే. పిండి ముద్ద అంటే ఒకటే అనుకుంటాం గానీ, పచ్చి గోధుమపిండి, ఉప్పేసి ఉడికించిన మైదా, మరిగే నీళ్ళలో కలిపిన బియ్యప్పిండి ఈ మూడూ వేర్వేరు.

చపాతీలు చేసేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు ఓ ఉండ ఇచ్చి కూర్చోబెట్టడం అందరిళ్ళలో ఉన్నదే. దానికి తయారీ లేదు, ఖర్చు లేదు, సాగుతుంది కూడా. ఇబ్బందల్లా అది పచ్చిపిండి కావడమే. పిండి కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది కానీ ఉడికేదాకా అందులో సూక్ష్మక్రిములు ఉండొచ్చు. నోట్లో పెట్టుకోవడం మానేసిన పిల్లలకైతే ఇవ్వండి, తర్వాత చేతులు కడగండి. నమిలే పిల్లలకు వద్దు.

వాళ్ళకు పూర్ణం కుడుములకు చేసే పిండి బాగా సరిపోతుంది. కప్పు నీళ్ళు తెర్లుతుంటే చెంచా నూనె, చిటికెడు ఉప్పు వేసి, కప్పు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టెయ్యడమే. గోరువెచ్చగా అయ్యాక తడిచేత్తో మెదిపితే మెత్తటి ముద్ద వస్తుంది. ఉడికిన పిండే కాబట్టి ఓ ముక్క కొరికినా కంగారు లేదు. పెద్ద ఉండ గొంతులో పడకుండా మాత్రం పక్కనే ఉండాలి. దీని లోపం చెప్పాలంటే, అస్సలు సాగదు. గోధుమపిండికి సాగుదల ఇచ్చే జిగురు బియ్యంలో ఉండదు. పాము చేద్దామంటే మధ్యలో విరుగుతుంది, గంటలో పైన పగుళ్ళు వస్తాయి. తడిగుడ్డ కప్పి ఉంచితే ఇంకో గంట లాగొచ్చు. ఎండాకాలం సాయంత్రానికే పులిసిన వాసన వస్తుంది, పారెయ్యాలి. గోధుమలు పడని పిల్లలకు ఉన్న దారి కూడా ఇదే.

మూడోది మైదా ఉప్పు ముద్ద. కొట్లో డబ్బాల్లో అమ్మే రంగు ముద్దకు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. కొలతలు: కప్పు మైదా, అర కప్పు ఉప్పు, కప్పు నీళ్ళు, పెద్ద చెంచా నూనె, పెద్ద చెంచా నిమ్మరసం. రంగు వెయ్యాలంటే నీళ్ళలోనే కలపండి, తర్వాత కలిపితే చేతులకే ఎక్కువ అంటుకుంటుంది. అన్నీ మూకుట్లో పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉండాలి. రెండు నిమిషాల దాకా జావలాగే ఉండి, ఇక ఇది ముద్ద అయ్యేలా లేదే అనిపిస్తుంది. ఇంకో రెండు నిమిషాలకు ఉన్నట్టుండి గరిటెకు చుట్టుకుంటుంది, మూకుడు అంచులు వదిలేస్తుంది. వేలితో తాకితే అంటకూడదు. అంటితే ఇంకాస్త తిప్పండి. పళ్ళెంలోకి తీసి, వేడి ఓర్చుకోగలిగినప్పుడు చపాతీ పిండిలా మర్దించండి. మొదటిసారి నేను తొందరపడి దించేశాను. చల్లారాక వాడి వేళ్ళ మధ్య బంకలా సాగింది, అది చూసి ఏడుపు. మళ్ళీ మూకుట్లో వేసి మూడు నిమిషాలు తిప్పితే బాగుపడింది.

ఉప్పు దీన్ని పాడవకుండా కాస్తుంది, అదే ఉప్పు తేమను లాగుతుంది కూడా. హైదరాబాదులో గాలి చొరని డబ్బాలో నెల దాకా ఉంది. అదే ముద్ద వానాకాలంలో విశాఖలో మా అక్క వాళ్ళింట్లో వారానికే చెమటలు పట్టి జారుడుగా అయింది. అలా అయితే చెంచాడు మైదా చల్లి మళ్ళీ మర్దించొచ్చు. నల్ల చుక్కలు కనిపిస్తే బూజు, ఇక ఉంచకండి. కోతలున్న చేతులకు, గజ్జి లేదా పొడిచర్మం ఉన్న పిల్లలకు ఉప్పు మండుతుంది. తినే పిల్లలకు ఇది అసలు వద్దు. ఉప్పగా ఉంటుంది కాబట్టి చాలామంది ఉమ్మేస్తారు, నిజమే. కానీ ఇంత ఉప్పు కడుపులోకి ఎక్కువగా వెళ్తే చిన్నపిల్లలకు ప్రమాదం.

ముద్ద ఏదైనా, పనిముట్లు కొనకండి. జంతికల గొట్టం తియ్యండి. పిల్లలకు తిప్పే బలం ఉండదు, మీరు తిప్పుతుంటే కింద నుంచి వచ్చే పాముల్ని పట్టుకోవడమే వాళ్ళ పని. మా అక్క కూతురు దానికి నాలుగేళ్ళప్పుడు ఇలా వచ్చిన తాళ్ళను పళ్ళెంలో గుండ్రంగా చుట్టి సకినాలని అమ్మింది. ఒక్కోటి వంద రూపాయలు. దువ్వెనతో గీతలు, గ్లాసు అంచుతో బిళ్ళలు, పూరీ కర్రతో చదును చెయ్యడం. వారం తిరక్కుండా కొత్తది అడగరు.

నా మటుకు నేను మూడేళ్ళు దాటిన పిల్లలకు మైదా ముద్దకే ఓటేస్తాను. పదిహేను నిమిషాల పనికి ఇన్ని రోజుల ఆట ఇంకెందులోనూ రాదు.

## నీళ్ళు

దీన్ని ఆటగా లెక్కేసేవాళ్ళు తక్కువ. వెడల్పాటి టబ్బులో అంగుళం నీళ్ళు, స్పాంజి, టీ వడపోత గంటె, రెండు గ్లాసులు, ఒక గరాటు ఉంటే చాలు. స్పాంజిని ముంచి ఇంకో గిన్నెలో పిండటం చేతివేళ్ళకు గట్టి పనే. పెన్సిల్ పట్టుకునే బలం ఇలాంటి పనులతోనే వస్తుంది. కాస్త పెద్దపిల్లలకు ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని పెట్టండి. నారింజకాయ తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది. అది చూసి ఆశ్చర్యపోని పిల్లల్ని నేను చూళ్ళేదు.

ఇందులో ఉన్న ఒకే ఒక్క షరతు కఠినమైనది. చిన్నపిల్లలు అడుగున కొద్దిపాటి నీళ్ళున్నా మునిగిపోగలరు, చప్పుడు కూడా కాదు. ఫోను మోగినా, పాలు పొంగినా పిల్లను ఎత్తుకునే వెళ్ళాలి. లోతైన బకెట్టు వద్దు, ఆట అయ్యాక టబ్బు బోర్లించాలి. ఈ షరతు పాటించలేని రోజున ఈ ఆట పెట్టకండి. ట్యాంకరు నీళ్ళు కొనే అపార్ట్‌మెంట్లలో నీళ్ళ దండుగని మనసు పీకితే, అయిపోయాక మొక్కలకు పోయించండి. మా ఇంట్లో అదే ఆటలో చివరి భాగం.

## సగ్గుబియ్యం

నోట్లో పెట్టుకున్నా ఫరవాలేని మెరిసే ముత్యాలు కావాలంటే ఇవే. గంట నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో గింజ మధ్య తెల్లచుక్క పోయేదాకా ఉడికించి, వడగట్టి, చన్నీళ్ళతో కడగాలి. కడగకపోతే మొత్తం ఒకే ముద్ద. జారుడుగా, చల్లగా వేళ్ళ మధ్య నుంచి జారుతుంటే పిల్లలు కేరింతలు కొడతారు. గింజ రెండు వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉండాలి. పచ్చి సగ్గుబియ్యం చిన్నవాళ్ళకు ఇవ్వకూడదు. శుభ్రం చెయ్యడం చిరాకు, నేల మీద ఎండితే గీకాలి. నెలకోసారి చాలు.

వీటి బదులు బజార్లో రంగురంగుల జెల్ బంతులు దొరుకుతున్నాయి. నీళ్ళలో వేస్తే ఆవగింజంతది గోళీకాయంత అవుతుంది, పూలకుండీల్లో వేస్తారు. పిల్లలున్న ఇంట్లోకి అవి తేవద్దు. మింగితే పేగుల్లో కూడా అలాగే ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించవు. సబ్జా గింజలు నానబెడితే చూపుకు అదే సరదా, కడుపులోకి వెళ్ళినా ఇబ్బంది లేదు. పూర్తిగా నానాకే ఇవ్వాలి.

## రంగు బియ్యం

నా మొదటి ఓటమి ఇదే కాబట్టి కాస్త పక్షపాతం ఉందేమో. కప్పు బియ్యానికి చెంచాడు నిమ్మరసమో వెనిగరో, కొన్ని చుక్కల ఫుడ్ కలర్ వేసి, మూతున్న డబ్బాలో గిలకొట్టి, నీడలో ఆరబెట్టాలి. ఎండిన డబ్బాలో పెడితే నెలలు ఉంటుంది. గరాట్లలో పొయ్యడం, చెంచాతో ఎత్తడం, బొమ్మల్ని దాచి వెతకడం, అన్నీ బాగుంటాయి, పళ్ళెం బోర్లించే వయసు దాటాక. మూడేళ్ళు దాటినవాళ్ళకు, అదీ ఫ్లెక్సీ మీద.

మా అమ్మ అభ్యంతరం వేరే. "అన్నం పెట్టే గింజని కాళ్ళ కింద తొక్కిస్తావా?" అంది. సర్ది చెప్పబోయాను గానీ, ఆవిడ మాట నాకే సబబుగా తోచింది. తర్వాత పురుగు పట్టి పక్కన పెట్టిన నూకలు ఆవిడే తెచ్చిచ్చింది. ఆట అయ్యాక పిచ్చుకలకు వెయ్యాలని షరతు, అందుకని ఫుడ్ కలర్ వద్దంది, పసుపు ఒక్కటే. పసుపు రాసిన బియ్యం అంటే అక్షింతలే కదా. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఉంటే ఈ మాట వచ్చి తీరుతుంది. ముందే నూకలతో మొదలుపెడితే గొడవ ఉండదు.

పిల్లలకు నాలుగేళ్ళు దగ్గర పడుతుంటే రంగులేవీ వెయ్యకుండా, వెడల్పాటి పళ్ళెంలో పలచగా బియ్యమో ముగ్గుపిండి బదులు బియ్యప్పిండో పరిచి వేలితో గీతలు గియ్యనివ్వండి. అక్షరాభ్యాసం నాడు చేయించేది ఇదే, పంతులుగారు చెయ్యి పట్టుకోవడం ఒక్కటే తేడా. పళ్ళెం కదిపితే రాసింది చెరిగిపోతుంది కాబట్టి తప్పు రాస్తే టెన్షన్ లేదు. కొట్లో దొరికే ముగ్గుపిండిలో ఎక్కువగా రాతిపొడి ఉంటుంది, రంగు ముగ్గుల్లో ఏ రంగు కలిపారో తెలియదు. దుమ్ము ముక్కులోకి వెళ్తుంది. చిన్నవాళ్ళకు రెండూ వద్దు.

## మట్టి

వినాయక చవితి ముందు ఇది అడక్కుండానే దొరుకుతుంది. మిగతా రోజుల్లో కుమ్మరి దగ్గర అడిగితే ఓ సంచి ఇస్తారు. రాళ్ళూ వేర్లూ ఏరి, నానబెట్టి, చపాతీ పిండంత గట్టిగా కలపాలి. మైదా ముద్ద కంటే బరువుంటుంది, గట్టిగా నొక్కాలి, చల్లగా ఉంటుంది, ఎండితే బొమ్మ నిలబడుతుంది. విరిగితే మళ్ళీ నీళ్ళలో వేస్తే మట్టే. కర్నూలు పడమటి పల్లెల్లో మట్టెద్దుల అమావాస్యకు పిల్లలు ఎద్దుల్ని చేస్తారు. నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, మూపురం, అంతే. నాలుగేళ్ళ పిల్ల చెయ్యగలిగిన బొమ్మల్లో ఇంతకన్నా తేలికైనది, చూడగానే గుర్తుపట్టేది నాకు తట్టడం లేదు.

ఫ్లాట్లో మాత్రం కష్టం. సింకులో కడిగితే పైపు పూడుతుంది. బకెట్టులో చేతులు కడిగించి, మట్టి అడుక్కి దిగాక పై నీళ్ళు ఒంపి, అడుగుది కుండీలో వెయ్యాలి. కుక్కలూ పిల్లులూ తిరిగే చోటి మట్టి తేవద్దు. గోళ్ళు ముందే కత్తిరించండి.

ఇసుక గురించి ఒక్క మాట. వీధిలో ఇల్లు కడుతుంటే ఆ కుప్ప దగ్గరికే పిల్లలు పరిగెత్తుతారు. ఇప్పుడు చాలాచోట్ల అది ఏటి ఇసుక కాదు, రాయి పిండి చేసిన రోబో ఇసుక. పదునుగా ఉంటుంది, సన్నటి దుమ్ము లేస్తుంది. అది ఆటకు పనికిరాదు.

## రంగులు, అచ్చులు

వేలితో పూసే రంగుకు చిక్కటి గంజి చాలు. మూడు పెద్ద చెంచాల బియ్యప్పిండి కప్పు చన్నీళ్ళలో కలిపి, సన్నటి సెగ మీద చిక్కబడేదాకా తిప్పి, చల్లార్చి, గిన్నెల్లోకి పంచి రంగు కలపండి. బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు, పాలకూరతో ఆకుపచ్చ, పసుపుతో పసుపు. నీలం కావాలంటే నీలి శంఖపుష్పాలు వేడినీళ్ళలో వెయ్యండి. నిమ్మరసం చుక్క పడితే ఆ నీలం వంకాయ రంగుకు తిరుగుతుంది. కూరగాయల రంగులు కొట్లో రంగులంత మెరవవు, బీట్‌రూట్ రంగయితే ఎండేసరికి వెలిసిపోతుంది. ఫ్రేము కట్టించుకునే బొమ్మ కావాలంటే ఇవి కుదరవు. నోట్లో వేళ్ళు పెట్టుకునే ఏడాదిన్నర పిల్లవాడికి ఇవే. పసుపు లూజుగా కొనకుండా, ప్యాకెట్‌ది గానీ ఇంట్లో కొమ్ములు పట్టించింది గానీ వాడండి. కుంకుమ వద్దు.

అచ్చులకు ముదిరిన బెండకాయ. అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు. కాకరకాయ ముక్కకు అంచంతా గరుకు పళ్ళు. అరటాకు కాడ అడ్డంగా కోస్తే చిన్న చిన్న గదుల జల్లెడ. రంగును గిన్నెలో పొయ్యకుండా తడిగుడ్డను మడిచి దాని మీద పొయ్యండి. అద్దినప్పుడు సరిపడా అంటుతుంది, ముద్ర చెదరదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళు కూడా రంగు తొట్టెలో మెత్తటి పొర పరిచి దాని మీదే అచ్చు అద్దుతారు.

ఇక మూడున్నర దాటినవాళ్ళకు ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది. అర చెంచా పసుపు పావు గ్లాసు నీళ్ళలో కలిపి, దూదితో తెల్లకాగితం నిండా పూసి ఆరబెట్టండి. అర గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి, ఇయర్ బడ్ ముంచి ఆ పసుపు కాగితం మీద గియ్యమనండి. సోడా నీళ్ళకు ఏ రంగూ ఉండదు. అయినా గీసిన చోటల్లా ఇటుక ఎరుపు గీత లేస్తుంది. నిమ్మచెక్కతో దాని మీద రుద్దితే మళ్ళీ పసుపు. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. పెళ్ళిళ్ళలో పసుపూ సున్నం కలిపి పారాణి చేసేది ఈ లెక్కతోనే. పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం. వంట సోడా చాలు. మా అక్క కూతురు దీంతో గంటసేపు కూర్చుంది, మూడు కాగితాలు అయిపోయాక తన పసుపు గౌను మీద కూడా గీసి చూసింది. అది ఎర్రబడలేదని అలిగింది.

## మీ ఇంటికి ఏది

ఏడాది, ఏడాదిన్నర పాప ఉంటే: నీళ్ళు, కుడుముల పిండి, ఏడాదిన్నర నిండితే గంజి రంగు. ఇంకేవీ ఇప్పుడు అక్కర్లేదు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, సాయంత్రం అరగంటే దొరికితే ఆదివారం మైదా ముద్ద చేసి డబ్బాలో పెట్టుకోండి. రోజూ డబ్బా మూత తియ్యడమే మీ తయారీ. అలిసిపోయి వచ్చిన రోజున రంగుల జోలికి వెళ్ళకండి. ఆ రాత్రి మీరు అరిచే అరుపులు పిల్లలకు రంగుల కంటే ఎక్కువ గుర్తుంటాయి.

పిల్లల్ని పగలంతా చూసుకునేది అమ్మమ్మో నానమ్మో అయితే కింద కూర్చుని ఊడ్చే ఆట వాళ్ళ మోకాళ్ళ మీద పడుతుంది. చపాతీ ఉండ, పళ్ళెంలో బియ్యం మీద రాత, బల్ల మీద బెండకాయ అచ్చులు. నీళ్ళ ఆట చురుగ్గా లేచి పట్టుకోగలిగినవాళ్ళు ఉన్నప్పుడే.

నాలుగేళ్ళది ఒకరు, ఏడాదిది ఒకరు ఉంటే చిన్నవాడి వయసే లెక్క. పెద్దదానికి రంగు బియ్యం, గవ్వలు కావాలంటే చిన్నవాడు నిద్రపోయాక.

అమెరికాలోనో లండన్‌లోనో చలికాలం నాలుగ్గోడల మధ్య ఉండేవాళ్ళకు మైదా ముద్దలో నిమ్మరసం బదులు అక్కడి కొట్లలో దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్ రెండు చిన్న చెంచాలు వేస్తే ఇంకా నునుపుగా వస్తుంది. హీటర్ గాలికి త్వరగా ఎండుతుంది, మూత మర్చిపోకండి.

కొంతమంది పిల్లలకు చేతికి ఏదంటినా పడదు. రంగు చూడగానే చేతులు వెనక్కి లాక్కుంటారు. బలవంతంగా ముంచకండి. రంగును జిప్ కవర్లో పోసి, టేపు అంటించి, పైనుంచి నొక్కనివ్వండి. లేదా చెంచా, బ్రష్ ఇవ్వండి. కొన్నాళ్ళకు వాళ్ళే ఒక వేలు పెట్టి చూస్తారు. దీంతోపాటు అన్నం, బట్టలు, తలస్నానం, కటింగ్ అన్నిటికీ ఇదే ఇబ్బంది ఉంటే మాత్రం పిల్లల డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

చివరిగా మరక సంగతి, తప్పక అడుగుతారు కాబట్టి. పసుపు పడ్డ బట్టకు సబ్బు రాయగానే మరక ఎర్రగా అయితే హడలిపోకండి. పైన చెప్పిన సోడా లెక్కే, సబ్బులోనూ క్షారం ఉంటుంది. బాగా జాడిస్తే మళ్ళీ పసుపుకు వస్తుంది. ఆ తర్వాత రుద్దడం ఆపేసి ఎండలో ఆరెయ్యండి. మధ్యాహ్నం రెండు ఎండలు తగిలేసరికి మా వాడి తెల్ల బనీను మీద మరక ఎక్కడుందో నేను కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. సోఫాని ఎండలో వెయ్యలేం కదా, అందుకే ఫ్లెక్సీ అన్నాను.